చెస్ ఆడేవాళ్లు క్రీడాకారులేనా? గోదావరి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పూట పిల్లల్ని టోర్నమెంటుకు తీసుకొచ్చే తల్లిదండ్రులు, స్కూళ్లలో డ్రిల్ మాస్టార్లు, కల్యాణమండపం అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చునే తాతగార్లు పిల్లలకి చెస్ నేర్పే మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. రాజమండ్రిలో అడిగినా, భీమవరంలో అడిగినా, అమలాపురంలో అడిగినా ప్రశ్నలు పెద్దగా మారవు. కొన్నింటికి జవాబు ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది. కొన్నింటికి మా అభిప్రాయం చెప్పాం, నచ్చకపోతే వాదించుకోవచ్చు.

ఒక్క ముక్కలో చెప్పండి. చెస్ ప్లేయరు క్రీడాకారుడా, కాదా?

వృత్తిగా ఆడేవాళ్లయితే క్రీడాకారులే. భోజనాలయ్యాక వీధరుగు మీద బోర్డు పరిచి ఒక ఆట వేసే మామయ్యగారిని ఆ లెక్కలో కలపం. ఆ మాటకొస్తే ఆయన సాయంత్రం కాలవగట్టు మీద వాలీబాల్ ఆడొచ్చినా ఎవరూ క్రీడాకారుడని పిలవరు. ఏడాది పొడుగునా శిక్షణ, నిబంధనలున్న పోటీ, గెలుపోటములను బట్టి ఎక్కి దిగే రేటింగు, దాని మీదే ఆధారపడిన బతుకుతెరువు ఉన్నాయా అని చూడండి. ఉంటే క్రీడాకారుడే.

ఇది మీరనుకుంటే సరిపోతుందా? అధికారికంగా ఎవరైనా గుర్తించారా?

గుర్తించారు, అదీ చాలాకాలం కిందటే. కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉన్న జాతీయ సమాఖ్యల్లో అఖిల భారత చెస్ సమాఖ్య కూడా ఉంది. 1991-92లో ఖేల్‌రత్న పురస్కారం పెట్టినప్పుడు దాన్ని అందుకున్న మొట్టమొదటి మనిషి విశ్వనాథన్ ఆనంద్. అంటే దేశంలో అత్యున్నత క్రీడా పురస్కారం ఖాతా తెరిచిందే చెస్‌తో. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి 2003లో అర్జున వచ్చింది. 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయిన గుకేశ్‌కి మరుసటి నెలలోనే ఖేల్‌రత్న చేతికిచ్చారు.

అంతర్జాతీయంగా చూస్తే, 1924లో పారిస్‌లో పుట్టిన ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడేని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లో క్రీడా సమాఖ్యగా గుర్తించింది. కాబట్టి కాగితాల మీద తగువేమీ లేదు. తగువంతా మన మనసుల్లోనే, అందులోనూ ఎక్కువగా స్కూలు స్టాఫ్ రూముల్లో.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ ఉన్నాడు. అతను కొట్టే స్మాష్ ఎక్కడ, కుర్చీలో కూర్చుని గుర్రాన్ని జరిపేవాళ్లెక్కడ? ఇద్దర్నీ ఒక గాటన కట్టేస్తారా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది, ఉండాలి కూడా. సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాడు. ఆ ఒళ్లూ ఆ వేగమూ చెస్‌లో అక్కర్లేదు, ఎవరికీ ఉండవు కూడా. అందులో మాకు వాదన లేదు.

కానీ అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడలు గుర్తు చేసుకోండి. సాత్విక్, చిరాగ్ జోడీ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో స్వర్ణం తెచ్చింది. చెస్‌లో పురుషుల జట్టు, మహిళల జట్టు చెరో రజతం తెచ్చాయి. ఆ జట్లలో మన హంపి, హారిక, హరికృష్ణ, వరంగల్ అర్జున్ ఉన్నారు. భారత్ 107 పతకాలు కొట్టిందని మనమంతా వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నామే, ఆ 107లో ఈ రెండూ ఉన్నాయి. లెక్క పెట్టుకునేటప్పుడు కలుపుకుని, గౌరవించేటప్పుడు తీసేస్తే ఎలాగండీ?

ఇంకో మాట. విలువిద్యలో పరుగు లేదు, షూటింగ్‌లో పరుగు లేదు. గురిపెట్టి కదలకుండా నిలబడేవాళ్లకి ఒలింపిక్ పతకం ఇస్తున్నాం. కదలకుండా ఉండటం కూడా ఒంటితో చేసే పనేనని అక్కడ ఒప్పుకున్నట్టే కదా.

గ్రాండ్‌మాస్టర్లు ఒక్క రోజులో 6000 క్యాలరీలు ఖర్చు చేస్తారట కదా? అది చాలదా రుజువుకి?

ఈ అంకె దయచేసి ఎక్కడా వాడకండి. మన వైపు వాదించేవాళ్లే దీన్ని ఎక్కువగా తిప్పుతున్నారు, అదే ఇబ్బంది. కొండలెక్కే సైకిల్ రేసుల్లో రోజంతా తొక్కేవాళ్లకి ఆ స్థాయి ఖర్చవుతుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లకి అంత అయ్యే దారి లేదు. మెదడు మన బరువులో సుమారు 2 శాతమే ఉన్నా, ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. ఇంతవరకు నిజం. కానీ గట్టిగా ఆలోచిస్తే ఆ వాడకం రెండింతలు, మూడింతలు అయిపోదు. పెరిగేది స్వల్పం.

మరి ఒకప్పటి ప్రపంచ చాంపియన్ కార్పోవ్ సంగతేమిటని అడుగుతారు. 1984 సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్‌ల మధ్య ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. ముందు ఆరు ఆటలు గెలిచినవాడిదే కిరీటం. 48 ఆటలయ్యాయి, అందులో 40 డ్రాలు. ఐదు నెలలు గడిచినా తేలక, 1985 ఫిబ్రవరిలో ఫిడే అధ్యక్షుడు పోటీని మధ్యలోనే ఆపేశాడు. అప్పటికి కార్పోవ్ పది కిలోల దాకా తగ్గిపోయాడని చెబుతారు. ఫొటోలు చూసినా మనిషి పీక్కుపోయి కనిపిస్తాడు. అయితే అది ఆలోచనకి కరిగిన కొవ్వు అనుకోనక్కర్లేదు. నెలల తరబడి ఆందోళనతో తిండి సహించక, నిద్ర పట్టక ఒళ్లు పడిపోవడం ఎవరికైనా ఉండేదే. పిల్ల పెళ్లి కుదిరేదాకా చిక్కిపోయే తండ్రులు మన ఊళ్లలో లేరా?

చెస్ క్రీడ అనడానికి క్యాలరీలు రుజువు కావు. ఆ లెక్కన వరి కోత కోసేవాళ్లు, కొబ్బరి దింపేవాళ్లు ముందు క్రీడాకారులవ్వాలి.

అయితే ఒళ్లు అలవదన్నమాట. మరి ఒంటికీ ఆటకీ సంబంధం ఏముంది?

ఉంది. అలుపు కండల్లో కనిపించదు, ఎత్తుల్లో కనిపిస్తుంది.

క్లాసికల్ పద్ధతిలో ఒక్కొక్కరికి మొదటి నలభై ఎత్తులకు గంటన్నర, ఆ తర్వాత ఇంకో అరగంట, ఎత్తు ఎత్తుకీ ముప్ఫై సెకన్లు కలిసే పద్ధతి ఎక్కువగా నడుస్తుంది. ఒక ఆట నాలుగైదు గంటలు సాగడం మామూలే. 2021లో దుబాయ్‌లో కార్ల్‌సన్, నెపోమ్నియాషీ ఆడిన ఆరో గేము 136 ఎత్తులు, దాదాపు ఏడు గంటల నలభై ఐదు నిమిషాలు నడిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో అంత పొడుగు ఆట ఇంకొకటి లేదు. ఆ ఓటమి తర్వాత నెపోమ్నియాషీ ఆట మళ్లీ కుదుటపడలేదు. తర్వాతి గేముల్లో అతను చేసిన తప్పులు మామూలు రోజుల్లో చేసేవి కావు.

మన దగ్గర చూడాలంటే మే నెలలో ఏదైనా రేటింగ్ టోర్నమెంటులో నాలుగో గంట దాటాక హాల్లో ఓ మూల నిలబడండి. ఫ్యాన్లు వేడిగాలే తిప్పుతుంటాయి. పదకొండేళ్ల కుర్రాడు ఎండ్‌గేమ్‌లో, అంటే బోర్డు మీద కొద్ది పావులే మిగిలిన చివరి దశలో ఉంటాడు. ఒక ఏనుగు, రెండు బంట్లు ఎక్కువున్నాయి, గెలవాల్సిన ఆట. స్కోర్ షీటు మీద చెయ్యి పెట్టిన చోట కాగితం చెమటకి మెత్తబడి పెన్ను జారుతుంటుంది. మొదట్లో నిటారుగా కూర్చున్నవాడు ఇప్పుడు గడ్డం బల్లకి ఆనించేశాడు. ఏ చేత్తో పావు జరిపితే ఆ చేత్తోనే క్లాక్ నొక్కాలని నియమం. వాడు కుడి చేత్తో ఏనుగును జరిపి ఎడమ చేత్తో క్లాక్ నొక్కేస్తాడు, ఆర్బిటర్, అంటే రిఫరీ, వచ్చి హెచ్చరిస్తాడు. ఆ గాభరాలో ముట్టుకోకూడని బంటును ముట్టుకుంటాడు. ముట్టుకున్నది జరపాలి. ఆట డ్రా.

వాడికి ఆ ఎండ్‌గేమ్ రాదని కాదు. పొద్దున్నే పదింటికి ఇచ్చి ఉంటే కళ్లు మూసుకుని గెలిచేవాడు. తెలిసిన దాన్ని ఐదో గంటలో కూడా తెలిసినట్టే చెయ్యగలగాలంటే నడుం, మెడ, గుండె, నిద్ర అన్నీ సహకరించాలి. అందుకే పెద్ద ఆటగాళ్లు వ్యాయామాన్ని పక్కన పెట్టరు. ఒకప్పటి ప్రపంచ చాంపియన్ ఫిషర్ ఈత కొట్టేవాడు, టెన్నిస్ ఆడేవాడు. కార్ల్‌సన్ ఫుట్‌బాల్ ఆడతాడు. గుకేశ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కి సిద్ధమవుతూ క్రికెట్ జట్టుతో పనిచేసిన మానసిక శిక్షకుడు ప్యాడీ అప్టన్ సాయం తీసుకున్నాడు.

ఒంటి మీద ఇంత ఆధారపడే పనిని బుర్రపని అని మాత్రమే అనడం మాకు సరిగా అనిపించదు.

ద్రోణవల్లి హారిక తొమ్మిదో నెలలో ఒలింపియాడ్ ఆడిందన్నారు. నిండు గర్భిణి ఆడగలిగితే అది క్రీడ ఎలా అవుతుందండీ?

మంచి ప్రశ్న. మమ్మల్ని అడిగినవాళ్లలో ఒక నర్సమ్మగారు కూడా ఉన్నారు.

2022లో చెన్నైలో జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో, అంటే దేశాల జట్లు తలపడే పోటీలో, గుంటూరు హారిక ప్రసవానికి కొద్ది వారాల ముందు ఆడింది నిజమే. జట్టు కాంస్యం గెలిచింది. అయితే 2012 లండన్ ఒలింపిక్స్‌లో మలేసియాకి చెందిన నూర్ సూర్యానీ ఎనిమిదో నెల గర్భంతో ఎయిర్ రైఫిల్ పోటీలో పాల్గొంది. అప్పుడు షూటింగ్‌ని ఎవరూ క్రీడల జాబితాలోంచి తీసెయ్యలేదు. గర్భిణి పరిగెత్తలేదు కాబట్టి పరుగే క్రీడ అనుకుంటే సగం ఒలింపిక్స్ ఖాళీ అయిపోతుంది.

హారిక ఆడటం తేలికేమీ కాదు. డాక్టర్ల సలహాతో, ప్రయాణాలు మానుకుని, నిర్వాహకులు చేసిన ప్రత్యేక ఏర్పాట్లతో ఆడింది. గంటల తరబడి కూర్చోవడం ఆ నెలల్లో ఎంత కష్టమో ఇంట్లో ఆడవాళ్లని అడగండి, మగాళ్ల అభిప్రాయం ఇక్కడ అక్కర్లేదు. హంపి కూడా 2017లో పాప పుట్టాక కొంతకాలం ఆటకి దూరంగా ఉండి, 2019 డిసెంబరులో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ముగిసే ఆటల) టైటిల్ గెలిచింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది. 2025 జూలైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కి వెళ్లినప్పుడు ఆమెకి 38 ఏళ్లు, ఎదురుగా కూర్చున్న దివ్యా దేశ్‌ముఖ్‌కి 19. టై బ్రేక్‌లో దివ్య గెలిచింది. ఫామ్, వయసు, పునరాగమనం అని మాట్లాడుకునేది క్రీడాకారుల గురించే.

చెస్ క్రీడైతే పేకాటా క్రీడేనా? సంక్రాంతి కోడిపందేలు?

నవ్వుతూ అడుగుతారు గానీ ఇందులో అసలు విషయం ఉంది. అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ఉమ్మడి వేదిక ఒకప్పుడు కొన్ని కొలతలు పెట్టుకుంది. పోటీ ఉండాలి. అదృష్టాన్ని ఇరికించకూడదు. ప్రాణులకు హాని జరగకూడదు. ఒకే కంపెనీ అమ్మే సామానుతోనే ఆడాల్సి రాకూడదు. కండబలం తప్పనిసరి అని అందులో లేదు. ప్రధానంగా మేధస్సుతో ఆడే క్రీడలను ఒక తరగతిగానే చూశారు.

కోడిపందెం అక్కడే ఆగిపోతుంది, చట్టం కూడా వద్దంటుంది. భీమవరం వైపు వాళ్లు దీన్ని సంప్రదాయం అంటారు, ఆ చర్చ ఇక్కడ వద్దు.

రమ్మీ సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే, 1960ల చివర్లో, రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది జూదమా కాదా అన్న ప్రశ్నకి వచ్చిన జవాబు, క్రీడా కాదా అని ఎవరూ అడగలేదు. అదే రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. పేకల్లో బ్రిడ్జికి మాత్రం క్రీడా హోదా ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో అరవై ఏళ్ల ప్రణబ్ బర్ధన్, తన జోడీ శివ్‌నాథ్ సర్కార్‌తో కలిసి మనకి స్వర్ణం తెచ్చాడు. రావులపాలెం లాడ్జిలో రమ్మీ ఆడి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఈ పేరా చూపించి ఇంట్లో తప్పించుకోవాలని చూడొద్దు.

అన్ని దేశాలూ ఒప్పుకున్నాయా?

లేదు. బ్రిటన్‌లో చాలాకాలం క్రీడా నిధులు చెస్‌కి అందలేదు, 2023లో ప్రభుత్వం పది లక్షల పౌండ్లు ప్రకటించింది. బ్రిడ్జి కేసులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2017లో, పన్ను మినహాయింపు కోసమైతే శారీరక శ్రమ నామమాత్రంగా ఉన్న ఆటను క్రీడగా చూడలేమంది. చెస్ మీద వాదించేవాళ్లు ఆ తీర్పును ఇప్పటికీ ఎత్తి చూపుతారు. పన్నుల లెక్కకి అది సరే. మనం మాట్లాడుకునేది పన్ను గురించి కాదు.

ఒలింపిక్స్‌లో ఎందుకు లేదు?

గుర్తింపు ఉన్న ప్రతి క్రీడా ఒలింపిక్స్‌లో ఉండదు. ఎన్ని ఆటలు, ఎంతమంది ఆటగాళ్లు అన్నదానికి పరిమితి ఉంది. 2024 పారిస్ క్రీడల కోసం ఫిడే ప్రయత్నించింది, ఫలించలేదు. ఆసియా క్రీడల్లో 2006 దోహా, 2010 గ్వాంగ్‌జౌ, హాంగ్‌జౌల్లో ఉంది, మధ్యలో రెండుసార్లు లేదు. దోహాలో హంపి రెండు స్వర్ణాలు గెలిచింది. చెస్ ఒలింపియాడ్ అనేది వేరే పోటీ, 1927 నుంచి నడుస్తోంది. 2024 బుడాపెస్ట్‌లో మన పురుషులూ మహిళలూ ఇద్దరూ స్వర్ణాలు తెచ్చారు.

చెస్ ఆటగాళ్లకి కూడా డోప్ పరీక్షలా? ఏం తాగితే గుర్రం ఎక్కువ దూకుతుంది?

పరీక్షలున్నాయి. ఫిడే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమాలను పాటిస్తుంది. 2008లో డ్రెస్డెన్ ఒలింపియాడ్ చివరి రోజు ఓడిపోయిన చిరాకులో ఉక్రెయిన్ గ్రాండ్‌మాస్టర్ ఇవాంచుక్ పరీక్షకి ఆగకుండా వెళ్లిపోయాడు. పెద్ద రభస జరిగింది, చివరికి విచారణలో అతన్ని వదిలేశారు.

మందులు పనిచేస్తాయా అంటే, జర్మనీ పరిశోధకులు 39 మంది ఆటగాళ్లకి మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్, కెఫీన్ ఇచ్చి ఆడించి చూశారు. ఫలితం తమాషాగా ఉంది. మందు వేసుకున్నవాళ్లు ఒక్కో ఎత్తుకి ఎక్కువసేపు ఆలోచించి, టైమ్ అయిపోయి ఎక్కువ ఆటలు పోగొట్టుకున్నారు.

కాఫీ తాగొచ్చు, నిషేధం లేదు. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ విషయంలో మాత్రం జాగ్రత్త. జాతీయ స్థాయికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు మందుల షాపులో అడిగి కొనెయ్యకుండా, పిల్లవాడు పోటీల్లో ఆడతాడని డాక్టరుకి ముందే చెప్పండి. నిజానికి ఈ ఆటకి పెద్ద చీడ మందులు కాదు, ఫోన్లు. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒక గ్రాండ్‌మాస్టర్ టాయిలెట్లో ఫోన్‌తో దొరికిపోయాడు. అందుకే హాల్లోకి ఫోన్ తేవద్దని మేం అంత గట్టిగా అరిచేది.

స్పోర్ట్స్ కోటా, ఉద్యోగం, బతుకుతెరువు మాటేమిటి?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకాల జాబితాలో చెస్ ఉంది. స్కూల్ గేమ్స్‌లో, విశ్వవిద్యాలయాల పోటీల్లో ఉంది. కోనసీమలో రిగ్గులు వేసిన ఓఎన్‌జీసీలోనే హంపి ఉద్యోగి. పెట్రోలియం సంస్థలు చెస్ ఆటగాళ్లని తీసుకోవడం పాత ఆనవాయితీ.

కానీ ఆశ పెట్టుకునే ముందు రెండు విషయాలు. ఏ సర్టిఫికెట్ చెల్లుతుందన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఉంటుంది. జిల్లా స్థాయి కప్పుల మీద లెక్కలు వేసుకోకండి. రెండోది, గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగు, మూడు నార్మ్‌లు (గట్టి టోర్నమెంట్లలో ఆ స్థాయి ఆట చూపించి తెచ్చుకునే అర్హతలు) కావాలి. వాటి కోసం ఊళ్లు, దేశాలు తిరగాలి, ఆ ఖర్చు ఎకరం రొయ్యల చెరువు పెట్టుబడిలాంటిది కాదు, తిరిగొస్తుందన్న లెక్కే ఉండదు. ఆటతో పూర్తిగా బతికేవాళ్లు బహు కొద్దిమంది. మిగిలినవాళ్లు కోచింగ్ ఇస్తారు, ఉద్యోగం చేస్తూ ఆడతారు.

క్రీడాకారుడని ఒప్పుకున్నాం. ఇంట్లో ఏం మారాలి?

మాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. పేరు పెట్టి ఊరుకుంటే ఒరిగేదేమీ లేదు. బ్యాడ్మింటన్ ఆడే పిల్లకి గుడ్డూ పాలూ పెట్టి, చెస్ ఆడే పిల్లకి చిప్స్ ప్యాకెట్టు చేతికిచ్చి పంపే ఇళ్లు చాలా ఉన్నాయి.

ముందు రోజు రాత్రి పెందలాడే పడుకోబెట్టండి. ఓపెనింగ్‌లు (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరసలు) తిరగేస్తూ పన్నెండింటిదాకా మేలుకుంటే మర్నాడు మూడో రౌండుకి కూలిపోతారు. పొద్దున్న ఇడ్లీయో పెసరట్టో సరిపోతుంది, ఆట ముందు బిర్యానీ వద్దు. రౌండుకీ రౌండుకీ మధ్య అరటిపండు, మజ్జిగ ఇవ్వండి. ఓడిపోయి బయటికొచ్చిన పిల్లని గుమ్మంలోనే "ఎక్కడ తప్పు చేశావు?" అని నిలదీయకండి. తర్వాతి రౌండు ఇంకో గంటలో ఉంటుంది, కాస్త నడిపించి తీసుకురండి.

ఆడపిల్లల తల్లులకి ఒక మాట. టోర్నమెంటు హాల్లో టాయిలెట్ బాగోదని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలు చాలామంది. మధ్యాహ్నానికి తలనొప్పి, ఆ తర్వాత ఓటమి. ఎంట్రీ ఫీజు కట్టేముందు నిర్వాహకులని టాయిలెట్ గురించి అడగండి. మమ్మల్నీ అడగండి. పదిమంది అడిగితేనే హాలు మారుతుంది.

పందెం కోడికి బాదంపప్పు, జీడిపప్పు పెట్టి, చెరువులో ఈత కొట్టించి, ఎండ తగలకుండా చూసుకునే ప్రాంతం మనది. అందులో పదో వంతు శ్రద్ధ పిల్లల మీద పెడితే చాలు.

ఫోన్లో రోజూ గంటలకొద్దీ ఆడుతున్నాడు. అది ప్రాక్టీసే కదా?

మూడు నిమిషాల ఆటలు వరసపెట్టి ఆడటం ప్రాక్టీసు కాదు, కాలక్షేపం. బోర్డు మీద ఆడిన ఒక్క ఆటని రాసుకుని, ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని చూసుకోవడం అంతకన్నా మేలు.

చెస్ కూడా క్రీడే కాబట్టి గేమ్స్ పీరియడ్‌లో బోర్డులు పరిచి కూర్చోబెట్టొచ్చా? మా స్కూలుకి గ్రౌండ్ లేదు.

వద్దు. చెస్ క్రీడ అని ఇంతసేపు వాదించిన మేమే చెబుతున్నాం, వద్దు. గ్రౌండ్ లేని ప్రైవేటు స్కూళ్లు చెస్ బోర్డులు కొని వ్యాయామం పీరియడ్ అయిందనిపించుకోవడం ఈమధ్య చూస్తున్నాం. చెస్ ఆడితే పిల్లల ఎముకలు గట్టిపడవు, ఊపిరి పెరగదు. అవి లేకపోతే ఐదో గంటలో ఆట కూడా ఉండదు. చెస్‌కి విడిగా ఒక పీరియడ్ ఇవ్వండి, లేదా బడి వదిలాక గంట పెట్టండి. గేమ్స్ పీరియడ్‌లో మాత్రం పిల్లల్ని బయటికి వదలండి. గ్రౌండ్ లేకపోతే పక్కనున్న పంచాయతీ స్థలం అడగండి, కబడ్డీకి పెద్ద చోటు అక్కర్లేదు. మా దగ్గర చేరే పిల్లలకి కూడా మొదటి అరగంట బోర్డు తియ్యం, చుట్టూ పరిగెత్తిస్తాం. చెస్ నేర్పమంటే పరుగులేమిటని అడిగేవాళ్లు ఆ అరగంట కూడా వచ్చి చూడొచ్చు, వాళ్లూ పరిగెత్తొచ్చు.